నిన్న మాత్రం

"ఏదో ఒకటి కొట్టు. అక్షరాలు చూస్తారు గానీ మాటలెవరు చదువుతారు?" అన్నాడు భర్త, నలిగిపోయిన శాంపిల్ కాగితాన్ని ఆమె బల్ల మీద పడేస్తూ.

ప్రెస్సు అతనిది. పుస్తకాలకు పేజీలు కూర్చేది ఆమె. జీతమెందుకు, ఇంటి మనిషేగా! పుస్తకం వేయించుకోవడానికి వచ్చినవాళ్లు ఆ కాగితం చూసి ఫాంట్ ఎంచుకుంటారు. ఉన్న వాటిలో ఆమెకు ప్రాణం ఒక్కటే, సీసం అచ్చుల కాలం నాటి పాత ఫాంట్. అందులో అక్షరాల గీతలు చివరికొచ్చేసరికి చిన్న చిన్న పాదాలు తొడుక్కుంటాయి. ఆ పాదాలు ఆనించి అక్షరాలన్నీ వరసలో నిమ్మళంగా నిలబడతాయి, చూపు తడబడకుండా ముందుకు సాగుతుంది. నిఘంటువులూ, కోర్టు తీర్పులూ, లావుపాటి నవలలూ అన్నీ అందులోనే. "చదివేవాడికి ఫాంట్ కనబడకూడదు, అదీ దాని గొప్ప," అంటాడు భర్త. "మా కోడలు ఇంట్లో ఉన్నట్టే ఉండదు," అని అత్తగారు కూడా మెచ్చుకుంటుంది. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఇంట్లో నోరు తెరిస్తే సణుగుడంటారు. అదే మాట ఈ ఫాంట్‌లో పెడితే పెద్దమనిషి మాటలా ఉంటుంది. ఆ సంగతి ఆమె కనిపెట్టి చాలా ఏళ్లయింది. అప్పట్నించీ శాంపిల్ మార్చినప్పుడల్లా తన గోడు అందులోనే వెళ్లబోసుకుంటోంది, ఒక్కరైనా చదవకపోతారా అని. ఒక్కరూ చదవలేదు. భర్త అయితే అచ్చుతప్పుల కోసమైనా చూడలేదు.

ఈసారి ఇలా కొట్టింది: "ఇరవై రెండేళ్లుగా ఆ ఇల్లాలు అందరూ తిన్నాకే తింటోంది. నీకు కూర మిగిలిందా అని ఎవరూ అడగలేదు. నిన్న మాత్రం..."

అక్కడికి చోటు నిండిపోయింది. నిండకపోయినా ఆపైన ఏం రాయాలో ఆమెకు తెలియదు. నిన్న కూడా ఆమెకు మిగిలింది గిన్నె అడుగే.

కాసేపటికి రిటైరైన నర్సు ఒకావిడ వచ్చింది, తన అనుభవాలు పుస్తకంగా వేయించుకుందామని. కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"ఏ ఫాంట్ నచ్చిందమ్మా?" అన్నాడు భర్త.

"అది తర్వాత చూద్దాంలే బాబూ. ఇంతకీ నిన్నేమైంది, ఆ ఇల్లాలికి?"

భర్త కాగితం తీసుకుని చూసి నవ్వేశాడు. "అవి ఉత్తుత్తి మాటలండీ. ఖాళీ నింపడానికి."

"ఉత్తుత్తివి కావు." ఆమె కంప్యూటర్ ముందు నుంచి లేచింది. "నేనే రాశాను."

భర్త మళ్లీ కాగితంలోకి చూశాడు. ఈసారి చదివాడు.

నర్సు ఆమె వైపు తిరిగింది. "అయితే నువ్వే చెప్పు తల్లీ. నిన్నేమైంది?"

"రేపు రండి, చెప్తాను."

మధ్యాహ్నం భర్తా అత్తగారూ ఇంకా చేతులు కడుక్కుంటుండగానే ఆమె తన కంచం పెట్టుకుంది. కూర నిండుగా వడ్డించుకుని, కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

రేపటికి ఇది నిన్న అవుతుంది.