ఆదివారం కాని రోజు

పల్లంరాజు ఆఖరి పార ఊక బాయిలర్ పొయ్యిలోకి విసిరి, ఇనప తలుపును కాలితో నెట్టి మూశాడు. లోపల మంట గుమ్మని మోగి సద్దుమణిగింది. పక్కన పెద్ద తొట్లలో నానుతున్న ధాన్యం మీదికి ఆవిరి బుసకొడుతూ పోతోంది. పగటి డ్యూటీవాడు వచ్చి పార అందుకున్నాక, కుళాయి కింద తల పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. ఎంత కడిగినా చెవుల వెనక నలుపు పోదు. రోజూ అంతే.

అతను పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. నలభై ఆరేళ్ళకే జుట్టు సగం నెరిసింది. ఏళ్ళ తరబడి మంట ముందు నిలబడడంతో కనుబొమలు మాడిపోయి పల్చబడ్డాయి. అందువల్ల ఎప్పుడు చూసినా ఏదో విని ఆశ్చర్యపోతున్నవాడిలా కనిపిస్తాడు. మండపేటలోని ఆ రైస్‌మిల్లులో అతను చేరి ఇరవై ఏళ్ళు దాటింది. అతను బి.ఏ. రెండో ఏడు చదువుతున్నాడన్న సంగతి మిల్లులో కొందరికే తెలుసు. తెలిసినవాళ్ళు కూడా దాన్ని అతని బీడీ అలవాటులాంటిదే అనుకుని ఊరుకున్నారు.

అది దూరవిద్య. పాఠాలు పోస్టులో వస్తాయి. ఆదివారాలు రాజమండ్రిలో ఒక కాలేజీలో క్లాసులుంటాయి. మిగిలిన ఆరు రోజులూ ఎవరింట్లో వాళ్ళు చదువుకోవాలి.

ఆ రోజు బుధవారం. అయినా పల్లంరాజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"నిద్రపోకుండా ఎక్కడికండీ?" అంది భార్య చిట్టెమ్మ, ఉప్మా పళ్ళెం ముందు పెడుతూ.

"రాజమండ్రి. ఓసారి చూసొత్తాను."

ఏం చూడబోతున్నాడో ఆమె అడగలేదు. నాలుగు రోజులుగా ఇంట్లో ఒకటే మాట నలుగుతోంది. కూతురు సత్యశ్రీ ఇంటర్ ఫస్ట్‌క్లాసులో పాసయింది. రాజమండ్రిలో అదే కాలేజీలో సీటొచ్చింది. హాస్టలుతో కలిపి ఏడాదికి పన్నెండు వేలు. చిట్టెమ్మ తమ్ముడు చంద్రరావు ఎరువుల కొట్టు నడుపుతాడు, లెక్క తెలిసినవాడు. అతను మొహమాటం లేకుండా అన్నాడు: "నువ్వు వెయ్యి రూపాయల్లో చదువుతున్నావు కదా బావా. ఆ పుస్తకాలే, ఆ పరీక్షలే. పిల్లకీ అదే కట్టు. డిగ్రీ కాయితం మీద ఇంట్లో చదివిందో, కాలేజీలో చదివిందో ఎవరు చూత్తారు?"

పల్లంరాజుకి ఆ మాటలో తప్పు కనపడలేదు. కానీ లోపల ఏదో ఒప్పుకోలేదు. సత్యశ్రీ లేచి పెరట్లోకి వెళ్ళిపోవడం మాత్రం చూశాడు.

ద్వారపూడి మీదుగా వెళ్ళే బస్సులో కునుకు తీస్తూ వెళ్ళాడు. కాలేజీ గేటు దగ్గర దిగి లోపలికి నడిచి, అక్కడే ఆగిపోయాడు. రెండేళ్ళుగా వస్తున్న చోటే. కానీ ఆదివారం ఆ వరండాల్లో పావురాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. తనలాంటి ఏడెనిమిది మంది, లైన్‌మెన్‌లూ గుమాస్తాలూ, నిద్రమొహాలతో కూర్చుంటే, ఒక మాస్టారు గంటలో నాలుగు పాఠాలు ముగించి బస్సుకి పరిగెత్తేవాడు. ఇప్పుడు సైకిళ్ళు, ఓణీలు, మెట్ల మీద పుస్తకాలు, ఎవరో ఎవరినో కేకేసి పిలవడం. ఎవరో నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. పల్లంరాజు అప్రయత్నంగా తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇవాళ ఆదివారం కాదు కదండీ!" అన్నాడు అటెండరు వీరబ్రహ్మం. ఆదివారం తాళాలు తీసేది అతనే.

"తెలుసండి. మా అమ్మాయిని ఇక్కడ చేర్పించాలా వద్దా అని... ఒక్క క్లాసు, వెనకాల కూర్చుని వినొచ్చాండి?"

వీరబ్రహ్మం వింతగా చూశాడు. తర్వాత లోపలికెళ్ళి అడిగి వచ్చి, మేడ మీది గది చూపించాడు. పల్లంరాజు మెట్లన్నీ ఎక్కి, కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడి, ఊపిరి కుదురుకున్నాక లోపలికెళ్ళాడు.

రాజనీతిశాస్త్రం క్లాసు. చెప్పేది వెంకటదుర్గ గారనే లెక్చరరు, నడివయసు మనిషి. ఆ పాఠం పల్లంరాజుకి వచ్చిందే. బాయిలర్ వెలుగులో మూడుసార్లు చదివాడు. ఆవిడ ఒక వాక్యం చెప్పగానే ముందు బెంచీ అమ్మాయి కాదంది. పక్కవాడు ఆ అమ్మాయిని కాదన్నాడు. ఆవిడ కోప్పడలేదు. "సరే, అలాగే అనుకుందాం. అప్పుడేమవుతుంది?" అంటూ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. పల్లంరాజు ముందుకి వంగి వింటున్నాడు. తను ఇంట్లో ఇదే పేజీ దగ్గర ఆగి, ఇదే చోట అడ్డం పడి, అడగడానికి మనిషి లేక, కళ్ళు మూసుకుని తరవాతి పేజీకి వెళ్ళిపోయాడు. అలా ఎన్ని పేజీలు దాటేశాడో.

తెలియకుండానే అతని చెయ్యి పైకి లేచింది. తరగతి అంతా వెనక్కి తిరిగింది.

"చెప్పండి," అంది వెంకటదుర్గ.

అతను లేచి నిలబడ్డాడు. "సార్వభౌమాధికారం అంటారు కదండీ. ఒకచోటేమో ప్రజల దగ్గరుందన్నారండి. ఇంకోచోట పార్లమెంటు దగ్గరుందన్నారు. నాకర్థం కాలేదండి. ఎక్కడుందండీ అది?"

ఎవరూ నవ్వలేదు. నలుగురు ఒక్కసారే మాట్లాడారు. ఓటు వేసిన రోజు మన దగ్గరుంటుందని ఒకడు, మర్నాటి నుంచి ఎక్కడికి పోతుందని ఇంకొకతె. గంట కొట్టేదాకా తేలలేదు.

"పుస్తకాలు రాసినవాళ్ళ మధ్య కూడా ఈ తగువు తేలలేదండి," అంది ఆవిడ నవ్వుతూ. "రేపు మళ్ళీ పట్టుకుందాం."

రేపు. ఆ మాట ఎంత తేలిగ్గా అందో! పల్లంరాజు కూర్చుండిపోయాడు. తనకి అర్థం కానిది చదువురాకపోవడం వల్ల కాదు, అందరికీ అక్కడే అడ్డం పడుతుంది. రెండేళ్ళుగా ఆ సంగతి చెప్పేవాళ్ళు లేరంతే.

బయటికి వస్తుంటే ముందు బెంచీ అమ్మాయి ఆగి అడిగింది: "మీరెవరి ఫాదరండీ?"

"ఇంకా ఎవరి ఫాదర్నీ కాదమ్మా. వచ్చే నెలనుంచి అవుతాను," అన్నాడు. అన్నాక తనే తెల్లబోయాడు. నిర్ణయం అయిపోయింది.

ఇంటికి చేరేసరికి చంద్రరావు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పల్లంరాజు చెప్పులు విప్పుతూనే అన్నాడు: "అమ్మాయి కాలేజీలోనే చదువుద్ది."

"అంత తేడా ఏం చూశావు బావా?"

పల్లంరాజు అరుగు మీద అతని పక్కన కూర్చున్నాడు. "ఇంట్లో చదివితే తెలిసిందే తెలుత్తాది చంద్రం. తెలీనిది ఎవర్నడుగుద్ది? నువ్వూ నేనూ చెప్పగలమా?"

తలుపు చాటున నిలబడ్డ సత్యశ్రీ నెమ్మదిగా అంది: "మరి నీ మూడో ఏడో నాన్నా?"

"ఫీజు కట్టేశానుగా. నాదేముందే, ఇంటికే వత్తది."

ఆ పూట అన్నంలోకి రొయ్యల వేపుడు చేసింది చిట్టెమ్మ. అతను రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. తరగతి గది గురించి, సుద్దముక్క గురించి, గోడకానుకుని నవ్విన పిల్ల గురించి చెప్పాడు. అతనన్ని మాటలు ఒక్కసారి చెప్పడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. కాస్త పడుకోమంటే వినకుండా, సాయంత్రం సైకిలెక్కి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

తెల్లవారుజామున, డ్యూటీ మారే ముందు, మిల్లులో అందరికీ టీ వస్తుంది. పల్లంరాజు ఊక గుట్టకి వీపు ఆన్చి కూర్చున్నాడు. పక్కనున్నవాడు గ్లాసు అందిస్తే తీసుకోలేదు. నిద్రపట్టిందనుకుని, గ్లాసు చల్లారకుండా మీద ఒక అట్టముక్క కప్పాడు. పొయ్యి మందగించి ఎవరో కేకేశాక గాని, అతన్ని తట్టి చూడలేదు.

పల్లంరాజు దినవారాలు అయ్యాక చంద్రరావు వచ్చాడు. కాలేజీ సంగతి మళ్ళీ ఎత్తలేదు. "బట్టలు సర్దుకోవే అమ్మా," అన్నాడు మేనకోడలితో, అంతే. ఆమె ట్రంకుపెట్టె తనే నెత్తిన పెట్టుకుని బస్‌స్టాండుకి నడిచాడు. చిట్టెమ్మ మిల్లులో బియ్యం చెరిగే పనికి కుదిరింది.

వర్షాలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం పోస్ట్‌మాన్ పల్లంరాజు గారూ అని పిలిచాడు. పిలిచాక నాలుక కరుచుకున్నాడు. చిట్టెమ్మ బయటికొచ్చి, వేలిముద్ర వేసి, పార్శిల్ రెండు చేతులతో అందుకుంది. మూడో ఏడు పుస్తకాలు. విప్పలేదు. దండెం కింద అతని పీట మీద పెట్టింది. గోధుమరంగు కాగితం, మీద అతని పేరు, అడ్డంగా నిలువుగా బిగించి కట్టిన పురికొస.