మంచినీళ్ల ఫీజు

“మంచినీళ్లు” అంటే తక్కువ ఫీజు. “కాఫీ” అంటే మామూలు ఫీజు. “కాఫీ, బిస్కెట్లు” అంటే రెట్టింపు. ముందుగదిలోంచి మా ఆయన ఏది కేకేస్తే ఆ అంకె ఫీజు కాగితం మీద వేసి, ట్రేతో పాటు పట్టుకెళ్లడం నా పని. లాయరు నోటితో అడిగితే వచ్చినవాళ్లు బేరాలాడతారట, కాగితం మీద కనిపిస్తే నోరెత్తరట. కేసు కష్టాన్ని బట్టి ఫీజు అని ఆయన అందరికీ చెబుతారు. నిజానికి ఆయన చూసేది చెప్పులు, చేతి గడియారం, మెడ, చేతులు. పదకొండేళ్లుగా చూస్తున్నాను, నాకు తెలీదా.

నాకూ కోర్టులో వాదించే లాయరు సనదు ఉంది. పరీక్షలో ఆయన కంటే నాకే మార్కులెక్కువ. ఈ ఇంటి నుంచి కోర్టుకు వెళ్లే ప్రతి పిటిషనూ ఒక పొయ్యి మీద కూర ఉడుకుతుంటే నేను రాసిందే. ఫీజు కాగితంలో ‘పిటిషన్ తయారీ’ అని ఒక వరుస ఉంటుంది. దాని పక్కన నా పేరు వేయమని ఒకసారి అడిగాను. “ఒకే కంచంలో తినేవాళ్లకి రెండు బిల్లులేమిటోయ్, నవ్విపోతారు” అన్నారు. అత్తగారైతే, “గడప దాటక్కర్లేని ఉద్యోగం. ఎంతమందికి దొరుకుతుందమ్మా ఆ భాగ్యం” అన్నారు. ఆ భాగ్యం ధర్మమా అని నా నల్లకోటు బీరువాలో ఆయన పాత ప్యాంట్ల వెనక పడి ఉంది.

ఇవాళ పొద్దున నర్సు వచ్చింది. ఆమె కూతుర్ని భర్త తీసుకెళ్లి రెండు నెలలైంది. పోయినవారం మా ఆయన కోర్టులో ఉన్నప్పుడు వచ్చి, వంటగది బల్ల దగ్గర కూర్చుని అంతా నాకే చెప్పింది. వెళ్తూ వెళ్తూ, “చేతులు బోసిగా ఉంటే సారు పట్టించుకోరేమోనండీ. ఈసారి మా అక్క గాజులు అడిగి వేసుకొస్తా” అంది. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే మా ఇంటి గుట్టు చెప్పినట్టే కదా.

వేసుకొచ్చింది. నాలుగు బంగారు గాజులు.

“ఏమోయ్, కాఫీ, బిస్కెట్లు.”

పాలు పొంగుతున్నాయి. ఆ అంకె చూస్తే ఆమె లేచి వెళ్లిపోతుంది. గురువారం లోపు పిటిషన్ వేయకపోతే భర్త పాపను వేరే దేశం తీసుకెళ్లిపోతాడు. నాకు ఒళ్లు మండింది. “పిలుస్తున్నాడమ్మాయ్” అన్నారు అత్తగారు, నేనేదో చెవిటిదాన్నన్నట్టు.

పొయ్యి ఆపాను. ఫీజు కాగితం మీద అన్నిటికంటే చిన్న అంకె వేశాను. ‘పిటిషన్ తయారీ’ పక్కన నా పేరు రాశాను. మూడు గ్లాసుల మంచినీళ్లు ట్రేలో పెట్టుకుని వెళ్లాను.

“కాఫీ అన్నాను కదా.”

“విన్నానండీ.”

నర్సు కాగితం చదివి నా వైపు చూసింది. “పిటిషన్ రాసింది మీరా?”

“మా ఆవిడ టైపు చేసిపెడుతుంది లెండి” అని ఆయన నవ్వారు.

ఆమె నవ్వలేదు. ఆయన చదవమని ముందే ఇచ్చిన పిటిషన్‌లో మూడో పేజీ తీసి వేలు పెట్టింది. “దీపం ఆర్పితే మా పాప నిద్రపోదని ఇందులో ఉంది. మీకు చెప్పలేదు సార్. ఈవిడకే చెప్పాను.”

ఆమె తరఫున వాదించడానికి అనుమతిచ్చే వకాలత్తు కాగితం బల్ల మీద ఉంది. లాయరు పేరు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆమె కలం పట్టుకుని, “ఇక్కడ ఎవరి పేరు రాయాలి?” అంది.

ఆయన పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. “నాది” అన్నాను.

ఏం చేయాలో తోచక, ఆయన అలవాటు కొద్దీ వంటగది వైపు తిరిగి “ఏమోయ్” అన్నారు. అక్కడ ఎవరూ లేరు.