వంటింటి కిటికీ

సయోకో పద్నాలుగేళ్లుగా ఒకే ఇంటిని గీస్తోంది. మనుషుల్ని గీయడం ఆవిడ పని కాదు. మొహాలూ, చేతులూ, నవ్వులూ ఏడుపులూ కథ రాసే ఇనాబా మేడమ్ గీస్తుంది. వాళ్లు కూర్చునే చాపలు, జరిపే తలుపులు, తాగే కప్పులు, చూరు మీంచి కారే వాన సయోకో గీస్తుంది. 'సొనోదావారి వంటిల్లు' అనే ఆ మాంగాలో, అంటే ఆ బొమ్మల కథలో, పెద్ద కథంటూ ఏమీ లేదు. ఓ తాత, కొడుకూ కోడలూ, ఇద్దరు ఆడపిల్లలు. వండుకుంటారు, తింటారు, పిసరంత దానికి అలుగుతారు, మళ్లీ తింటారు. దానికోసమే నెలనెలా పత్రిక కొనేవాళ్లు ఊరూరా ఉన్నారు. అలాంటి ఇల్లు తమకి లేకనేనేమో మరి.

నిజానికి అది సయోకో పుట్టి పెరిగిన ఇల్లు. కొండల్లో చిన్న ఊళ్లో ఉండేది. తండ్రి పోయాక అమ్మేశారు, కొన్నవాళ్లు పడగొట్టి కార్లు నిలిపే చోటు చేశారు. మేడమ్ "ఓ పాత ఇల్లు గీయండి" అన్న రోజు సయోకో ఆలోచించకుండా ఆ ఇంటినే గీసింది. పగిలిన మెట్టు దగ్గర్నుంచి అటక మీద డబ్బాల దాకా అన్నీ ఉన్నవున్నట్టే. ఒక్కటి తప్ప.

ఆ ఇంట్లో వంటింటికి కిటికీ లేదు. ఉత్తరపు గోడ, మసి, పట్టపగలు కూడా దీపం. వాళ్లమ్మ ఫుమియే ముప్ఫై ఏళ్లు ఆ గోడకేసి చూస్తూ బియ్యం కడిగింది. "ఇక్కడో కిటికీ ఉంటే బయట పచ్చగా ఏదో ఒకటి చూసుకుంటూ కడుక్కునేదాన్ని" అనేది. "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాడు తండ్రి. చెడ్డవాడు కాదు, వాయిదాల మనిషి. ఆ వచ్చే ఏడు రాకుండానే ఆయన వెళ్లిపోయాడు.

అందుకని మొదటి సంచికలోనే సయోకో ఆ గోడకి కిటికీ పెట్టేసింది. కిటికీలోంచి పెరట్లో నారింజరంగు పళ్లు కాసే పెర్సిమన్ చెట్టు కనిపించేట్టు గీసింది. చెట్టు ఇంటికి అటువైపు, దక్షిణాన ఉండేదని ఆవిడకి తెలుసు. తెలిసే గీసింది. ఎవరూ ఏమీ అడగలేదు.

గీసేది తమ ఇంటినేనని అమ్మకి తెలుసు, కిటికీ సంగతి మాత్రం చెప్పలేదు. ఎనభై నాలుగేళ్ల ఫుమియేకి కళ్లలో మసక, మాంగాలోని చిన్న చిన్న గళ్లు ఆనవు. "ఇన్నేళ్లు గీశావు కదే, ఒక్క మనిషినైనా గీశావా? తలుపులూ గ్లాసులూ గీయడానికి నిన్ను చదివించాలా?" అని ఆటపట్టిస్తూ ఉంటుంది. పెద్ద టీవీ దగ్గరగా కూర్చుంటే మాత్రం బాగానే కనిపిస్తుంది. అందుకే ఆ మాంగాని టీవీకి యానిమేగా, కదిలే బొమ్మలుగా తీస్తున్నారని తెలిసిన రోజు సయోకో స్నానాల గదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఎవరికీ వినపడకుండా కాసేపు ఏడ్చింది. అమ్మ తన కిటికీ చూసుకుంటుంది. సయోకోకి కావలసిందల్లా అదే.

బుధవారం మధ్యాహ్నం యానిమే కంపెనీ నుంచి కజితాని వచ్చాడు. ఇళ్లూ వీధులూ ఎలా ఉండాలో తేల్చే పని అతనిది. ముప్ఫై అయిదేళ్లుంటాయి, కళ్లద్దాలు, లెక్క ప్రకారం నడిచే మనిషి. మిఠాయి పెట్టె బల్లమీద పెట్టి, పెద్ద సంచీలోంచి అట్టతో కట్టిన ఇల్లొకటి బయటికి తీశాడు. సొనోదావారిల్లే. పైకప్పు ఎత్తితే గదులన్నీ కనిపిస్తున్నాయి.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంది ఇనాబా మేడమ్.

"ముద్దుగానే ఉంది మేడమ్, కానీ లెక్కకి నిలబడటం లేదు" అన్నాడు కజితాని. ఇనుప తీగతో చేసిన ఇంత పొడుగు చెట్టు ఒకటి తీసి, పెద్దగది ముందు వసారా పక్కన నిలబెట్టాడు. "పదకొండో భాగంలో తాతగారు వసారాలో కూర్చుని ఈ చెట్టు చూస్తారు. వంకర కొమ్మ, దాని మీద కాకి. అదే పూట కోడలు వంటింట్లో నిలబడి చూస్తే..." చెట్టు ఎత్తి ఇంటికి రెండోవైపు పెట్టాడు. "అదే కొమ్మ, అదే కాకి. ఈ చెట్టు నడుస్తుందాండీ?"

మేడమ్ పకపకా నవ్వింది. సయోకోకి మాత్రం తల కొట్టేసినట్టయింది.

మా దేశంవాళ్లకి ఒక జబ్బుంది. తప్పు ఎవరిదో తేలకముందే ఎవరో ఒకరు క్షమించమనేస్తారు. ఆ వెంటనే పక్కవాళ్లు కూడా అనాలి, లేకపోతే బాగుండదు. సయోకో నుదురు బల్లకి తగిలేంతగా వంగి, "తప్పు నాది. క్షమించండి. ఆ కిటికీ తీసేయండి" అంది. గమనించనందుకు మేడమ్ కూడా వంగింది. ఎత్తి చూపినందుకు కజితాని అందరికంటే కిందికి వంగాడు. ముగ్గురూ లేచేసరికి పని అయిపోయింది. అతను కిటికీ మీద తెల్లకాగితం అంటించేశాడు.

"ఎంత తేలిగ్గా తేలిపోయింది! శుక్రవారం ప్లాను ఖాయం చేసి పంపించేస్తాను" అన్నాడు.

తన నోటితో తనే తీసెయ్యమంది! సయోకో ఆ అట్ట గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఒకసారి తలవంచి ఒప్పుకున్నాక మళ్లీ పోయి కాదనడం మాలో మర్యాద కాదు. పైగా నేపథ్యాలు గీసే మనిషికి అభిప్రాయం ఏమిటని లోకం అనుకుంటుంది, ఆవిడా అలాగే అనుకుంటుంది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి ఫుమియే బియ్యం కడుగుతోంది. ఇప్పుడుంటున్న అపార్టుమెంటు వంటగదికీ కిటికీ లేదు, ఎదురుగా పలకల గోడ. ఆవిడ ఆ పలకలకేసే చూస్తూ, చేత్తో బియ్యం తిప్పుతోంది.

"ఏమే, నీ ఇల్లు టీవీలో ఎప్పుడొస్తుంది?"

"వసంతంలోనమ్మా."

"అందాకా ఉంటానంటావా?"

"ఏం మాటలవి!"

"మనిషినెటూ గీయలేదు, ఇల్లయినా చూసి పోదామని." ఆవిడ కిసుక్కున నవ్వి బియ్యం నీళ్లు ఒంపింది.

సయోకోకి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్లింది. మేడమ్ అప్పుడే టీ కలుపుకుంటోంది. సయోకో కంటే పన్నెండేళ్లు చిన్నది, అయినా సయోకో ఎప్పుడూ ఆవిడ ముందు నోరెత్తలేదు. తలుపు దగ్గరే నిలబడి, "మేడమ్, క్షమించండి" అంది.

"మళ్లీనా? ఇప్పుడేం చేశారు?"

"కిటికీ... తీసెయ్యొద్దు."

మేడమ్ చెంచా పక్కన పెట్టింది. సయోకో గోడ సంగతి, దీపం సంగతి, తండ్రి వాయిదాల సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పింది. ప్రతి రెండు మాటలకీ ఓ క్షమాపణ. చివరికి, "మీ కథలో నా సొంత విషయం దూర్చాను. పద్నాలుగేళ్లు మిమ్మల్ని మోసం చేశాను" అంది.

ఇనాబా మేడమ్ టీ కప్పు పక్కకి జరిపింది. లేచి బీరువాలోంచి పాత సంచికలు తీసి, చకచకా తిప్పి బల్లంతా పరిచింది. "ఇటు రండి. కోడలు పుట్టింటి ఉత్తరం చదువుకుని ఏడ్చింది ఎక్కడ? పిల్ల మొదటిసారి మాడగొట్టిన గుడ్డట్టు తిని నవ్వుకుంది ఎక్కడ? మొగుడి మీద అలిగి వెనక్కి తిరిగి నిలబడింది ఎక్కడ?"

అన్నిటిలోనూ అదే కిటికీ.

"నేనేదో గొప్పగా రాస్తున్నానని మురిసిపోయాను" అంది మేడమ్.  "మీరు కిటికీ పెట్టారు కాబట్టి ఆవిడని అక్కడ నిలబెట్టాను. అదే లేకపోతే ఆ మనిషికి నిలబడే చోటే లేదు. ఆ మాట నిన్ననే చెప్పొచ్చుగా తల్లీ!"

మేడమ్ కబురు చేస్తే కజితాని మధ్యాహ్నానికల్లా వచ్చాడు, అట్ట ఇంటితో సహా. అంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"కుదరదండీ. ఒక చెట్టు రెండు దిక్కుల్లో ఎలా ఉంటుంది? పోనీ, రెండో చెట్టు నాటేద్దామా?"

"ఒకటే చెట్టు" అంది సయోకో. తన గొంతే తనకి కొత్తగా వినిపించింది.

అతను అట్ట ఇంటిని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "పోనీ, ఇలా చేద్దాం. పెద్దగదీ వంటిల్లూ ఎప్పుడూ ఒకే దృశ్యంలో చూపించం. మధ్య నడవా అసలు కనిపించనే కనిపించదు. దిక్కు తెలియనప్పుడు చెట్టు ఎక్కడుందో ఎవడికి కావాలి? కాకపోతే పిల్ల వసారాలోంచి వంటింటి దాకా ఒక్క పరుగున వచ్చే దృశ్యంతో మొదలుపెట్టాలని మా డైరెక్టరుగారు రెండు నెలలుగా దాని మీదే ప్రాణం పెట్టుకున్నారు. అది పోతుంది. నన్ను చీల్చి చెండాడేస్తారు."

"క్షమించండి..."

"ఆ మాట ఇంక అనకండి, మీకు దణ్ణం పెడతాను. నిన్న దానివల్లే కదా ఇంత పనయింది!" అని అట్ట గోడ మీది తెల్లకాగితం గోటితో జాగ్రత్తగా పీకాడు.

ఏప్రిల్ మొదటి శనివారం సాయంత్రం అయిదున్నరకి తల్లీకూతుళ్లు రికార్డింగు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. ఫుమియే మరీ దగ్గరగా కూర్చుంది. వసారా కనిపించగానే, "అదిగో మన మెట్టు! పగిలిందే! అదిగో చెట్టు!" అని చిన్నపిల్లలా చేతులు చరిచింది. ఆ తర్వాత వంటిల్లు వచ్చింది. కోడలు బియ్యం కడుగుతోంది. ఎదురుగా కిటికీ, కిటికీ నిండా ఆకులు రాలిన చెట్టు.

ఫుమియే చేతులు ఒళ్లో పడిపోయాయి.

"ఇది మనిల్లు కాదే."

"మనదేనమ్మా."

"మన వంటింట్లో కిటికీ ఏది? ఆ గోడ అవతల మురాయివాళ్ల స్నానాల గది. చెట్టు ఇటువైపు కదా. తప్పు గీశావు."

క్షమించమ్మా అన్న మాట సయోకో నోటిదాకా వచ్చింది. మింగేసింది. "తప్పు కాదు. నేనే పెట్టాను" అంది.

ఫుమియే తెరకేసి ఇంకా దగ్గరగా జరిగింది. అరగంట అయిపోయింది, పేర్లు వచ్చాయి, పాట అయిపోయింది.

"మళ్లీ వెనక్కి వెయ్యి" అంది ఫుమియే. "ఇంకా వెనక్కి. అదిగో, అక్కడ ఆపు."

తెర మీద కిటికీ నిలిచిపోయింది. ఫుమియే గోడ పట్టుకుని లేచి వంటగదిలోకి వెళ్లింది. బియ్యం కొలిచిన చప్పుడు, కుళాయి చప్పుడు. గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా వచ్చి టీవీ ముందు చాప మీద కూర్చుంది. చెయ్యి నీళ్లలో పెట్టింది.

"నీళ్లు చాప మీద పడతాయమ్మా."

"పడనీ." గిన్నెలోకి చూడనే చూడలేదు ఆవిడ. "కొసన ఒక్క పండు వదిలేశారే, పిట్టలకి. నేనూ అలాగే వదిలేదాన్ని, గుర్తుందా?"

"గుర్తుందమ్మా."

నీళ్లు ఎప్పుడో తేటపడ్డాయి. ఫుమియే ఇంకా బియ్యం కడుగుతూనే ఉంది.