మాటలావిడ

కాగితం మీద వేలు ఆనించి, ఒక్కో వరుసా చదివి, అవతలి దేశపు భాషలో చెబుతోంది మాటలావిడ. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న పిల్ల ప్రతిదానికీ తల ఊపుతోంది. పదహారేళ్ళుంటాయి. వంతెనకు ఇవతల, బట్టలు కుట్టే గదిలో రెండేళ్ళు తాళం కింద ఉంది. పోలీసులు విడిపించి ఇక్కడి హోములో ఉంచారు. ఈరోజు వంతెన దాటించి సొంత దేశానికి అప్పగించాలి.

ఆఫీసు గదికి ఒకటే కిటికీ. అందులోంచి వంతెన సగమే కనబడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ ఆ కిటికీ పక్కనే కూర్చుని అటు మాటలు ఇటూ, ఇటు మాటలు అటూ మోస్తోంది. ఆ భాష తల్లి ఒళ్ళో నేర్చుకున్నది. మోకాళ్ళు వాచాయి, కళ్ళజోడు కాడకు దారం చుట్టుకుంది, ఉద్యోగం మాత్రం ఇంకా రోజుకూలీయే. సాయంత్రానికి గొంతు ఎండిపోతుంది. "లోకంలో అందరి మాటలూ చెప్పొస్తావు, నా దగ్గర మాత్రం మౌనవ్రతం" అని మొగుడు దెప్పుతాడు. దేవుడి ముందు కూర్చున్నా అంతే, ఎవరి మాటలో ఆయనకు చేరవేస్తున్నట్టుంటుంది. నాదంటూ ఒక మాట ఉందా స్వామీ అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లేచిపోతుంది.

ఆ పనికి ఒకటే నియమం. విన్నది చెప్పాలి. కలపకూడదు, తీయకూడదు.

"నిన్ను తీసుకెళ్ళడానికి మేనమామ వచ్చాడు. ఆయనతో వెళ్ళడం నీకు ఇష్టమే."

వాక్యం పూర్తి కాకముందే పిల్ల తల ఊపింది.

ఆవిడ వేలు ఆగింది. తర్వాతి వరుస చదువుతున్నట్టే, కాగితంలో లేని మాట ఒకటి చెప్పింది. "మీ ఇల్లు సముద్రం మధ్యలో ఉంది."

పిల్ల తల ఊపింది.

మాటలావిడ కాగితం మీంచి వేలు తీసేసింది. ఇన్నేళ్ళలో ఎంతమంది ఇలా ఊపారో, తను ఎన్నిసార్లు "ఒప్పుకుంది సార్" అందో.

"అయిందామ్మా?" అన్నాడు స్టాంపు సారు, సిరాడబ్బా మూత తీస్తూ. అప్పగింత కాగితాల మీద ముద్ర వేసేది ఆయనే.

"ఒప్పుకోలేదు సార్."

"తల ఊపింది కదా, నేనూ చూశాను."

"సముద్రం మధ్యలో ఇల్లుందన్నా ఊపింది సార్."

ఆయన తేరిపార చూశాడు. "ఇందులో సముద్రం ఎక్కడుంది? సొంత కవిత్వం ఎందుకమ్మా నీకు? రెండు ప్రభుత్వాలు మూడు నెలలు రాసుకుంటే వచ్చిన కాగితం ఇది. నాలుగింటికి గేటు మూసేస్తారు."

ఆవిడ ఫోను అందుకుంది. అవతలి గట్టున విచారణలు చేసే ఆఫీసరమ్మతో తొమ్మిదేళ్ళ పరిచయం, అంతా ఫోనులోనే. ముఖాలు చూసుకోలేదు గానీ వరస కలుపుకున్నారు.

"వదినా, ఆ మేనమామ ఎలా ఉన్నాడు?"

"గేటు దగ్గర నిలబడి నిమిషానికోసారి వాచీ చూసుకుంటున్నాడు. వెనక వ్యానులో ఇద్దరున్నారు. ఎవరయ్యా అంటే స్నేహితులంటాడు. పిల్ల ఏమంటోంది?"

"ఏమీ అనడం లేదు వదినా. అదే నా భయం."

ఫోను పక్కన పెట్టి, కాగితం బోర్లించింది. "ఇది కాగితం అడగడం లేదు తల్లీ, నేనే అడుగుతున్నాను. మొదట నిన్ను ఇటు బస్సెక్కించింది ఎవరు?"

పిల్ల తల కదల్లేదు. పెదవులు కదిలాయి.

"మామే."

ఆ మాటను మాత్రం కలపకుండా, తీయకుండా చెప్పింది. స్టాంపు సారు చేతిలోని స్టాంపు బల్ల మీద పెట్టేశాడు. తర్వాత తనే ఫోను తీసి ఇచ్చి, ఆవిడ చేత అవతలికి మాట్లాడించాడు. పిల్లను తమ ప్రభుత్వ ఆశ్రయంలో ఉంచి తల్లిని పిలిపిస్తానంది వదిన. ఆయన మేనమామ పేరు ఎర్రసిరాతో కొట్టేసి, ఆశ్రయం పేరు రాసి ముద్ర వేశాడు.

"పైనుంచి అడిగితే నీ పేరే చెబుతాను."

"చెప్పండి సార్."

"రేపట్నుంచి రాకు. కబురు చేస్తేనే రా."

ఆ కబురు రాదని ఇద్దరికీ తెలుసు.

మహిళా కానిస్టేబులు వెంట పిల్ల బయల్దేరింది. కిటికీలోంచి వంతెన సగందాకా కనబడింది, ఆ తర్వాత లేదు. ఆ తల్లి తమ్ముణ్ణి నమ్ముతుందో, కూతుర్ని నమ్ముతుందో. నువ్వే చూసుకో స్వామీ అనుకుని సంచీ తీసుకుని లేచింది మాటలావిడ.

గుమ్మం దగ్గర ఆగిపోయింది. హోములో పిల్లకు ఇచ్చిన రబ్బరు చెప్పులు. ఇవి నీవే, తీసుకుపో అని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది తనే. ఆ ఎండలో వట్టికాళ్ళతో వెళ్ళిపోయింది పిల్ల. అడిగి తెచ్చుకున్న వస్తువును తిరిగి ఇచ్చేసినట్టు, వెళ్తూ విప్పి గోడవారగా, రెండూ జతచేసి పెట్టి ఉన్నాయి. చెమటకు అంటిన చిన్న వేళ్ళ అచ్చులు వాటి మీద ఇంకా ఆరలేదు.