బీడీల ఇంటికి కుందేలు

సుమలత మాట ఇచ్చింది కాబట్టి ఇంటికి కుందేలు రావలసిందే. ఇరవై దాకా ఎక్కాలు తప్పు లేకుండా ఒప్పజెబితే కుందేలును కొనిస్తానని కూతురు త్రివేణికి ఎండాకాలంలో చెప్పింది. ఎనిమిదేళ్ల పిల్ల, అందులోనూ దగ్గుతో రాత్రుళ్లు సరిగా నిద్రపోని పిల్ల, పదమూడో ఎక్కం దగ్గరే చతికిలబడుతుందిలే అనుకుంది. దీపావళి వెళ్లేసరికి ఆ పిల్ల ఇరవయ్యో ఎక్కాన్ని కింది నుంచి పైకి కూడా అప్పజెప్పింది.

అత్త హన్మవ్వ ఒప్పుకోలేదు. నిజామాబాదులో వాళ్లుండేది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అత్తాకోడళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని పొద్దంతా బీడీలు చుడతారు. ఒక మూల తునికాకు కట్టలు, ఇంకో మూల పొగాకు డబ్బా. తినేదీ, పడుకునేదీ, త్రివేణి చదువుకునేదీ ఆ గదిలోనే.

“అది ఆకు కొరుకుతది. కొరికిన ఆకుతోని చేస్తే కార్ఖానల ఊకుంటరా? బీడీలు మన మొకాన్నే కొడ్తరు,” అంది హన్మవ్వ.

“పెట్టెల పెడ్త. పెట్టె మీద బండ పెడ్త. ఇంకేమన్న ఉన్నదా అత్తమ్మా?”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం సుమలత. కుందేలు ఇంకా చేతికి రాకముందే ఇంత పంతమైతే వచ్చాక ఎలా ఉంటుందోనని ముసలావిడ నోరు మూసుకుంది.

ఇక ఎక్కడ కొనాలన్నది తేలాలి. నవీపేట అంగట్లో దొరుకుతాయని పక్కింటామె చెబితే శనివారం పోయి చూసింది. అక్కడి మనిషి ఒకదాన్ని చెవులు పట్టి లేపి, కోసియ్యాల్నా, గట్లనే కొంటవా అని అడిగాడు. పిల్లను వెంట తీసుకురాకపోవడం ఎంత మంచిదైందో అనుకుంటూ వెనక్కి తిరిగింది. ఊళ్లోనే చేపల తొట్లు అమ్మే దుకాణంలో ఒకటుంది గాని, అది కళ్లకు పుసులు కట్టి మూలకు ముడుచుకుని ఉంది. జబ్బుదాన్ని తెచ్చి నెల తిరక్కుండానే పిల్లను ఏడిపించడం సుమలతకు ఇష్టం లేదు. చివరికి, బోధన్‌లో హసీనా అనే ఆవిడ పెరట్లో కుందేళ్లు పెంచుతుందనీ, పెంచుకునేవాళ్లకు తప్ప ఇవ్వదనీ తెలిసింది. ఈమె కూడా నాలాంటి మొండిదే అనుకుని, ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని బోధన్ బస్సెక్కింది.

హసీనా పెరడు అద్దంలా ఉంది. త్రివేణి బూడిదరంగు పిల్ల కుందేలును ఎంచుకుంది. చేతుల్లోకి తీసుకోగానే అది మోచేతి వంపులోకి ముక్కు దూర్చి కదలకుండా కూర్చుంది. గడ్డి ఎంత వేయాలో, నీళ్లు ఎన్నిసార్లు మార్చాలో చెబుతూ హసీనా ఒక బుట్టలో గోనెసంచి పరిచి సుమలతకు అందించబోయింది. అప్పుడే సుమలత చేతులు చూసింది. గోధుమరంగు పట్టిన వేళ్లు, కత్తెర పట్టి పట్టి కాయకట్టిన బొటనవేలు.

“బీడీలు చేస్తవా చెల్లె?”

“చేస్త ఆపా. ఏమాయె?”

“ఇంట్లనేనా?”

“ఇంట్లనే. ఇంకేడ చేస్తరు?”

హసీనా బుట్టను వెనక్కి తీసుకుంది. “ఏమనుకోకు, నీకు ఇయ్యలేను. పోయినేడు గిసొంటి ఇంటికే ఒకటి ఇచ్చిన. మూడు వారాలకు దగ్గి దగ్గి సచ్చిపోయింది. పొగాకు దుమ్ముల బతుకదది. దాని ఊపిరితిత్తులు గింతంతనే ఉంటయి,” అని బొటనవేలి చివర చూపించింది.

సుమలతకు ఒళ్లు మండింది. ఊళ్లు తిరిగి తిరిగి వస్తే, పిల్ల చేతికి వచ్చినదాన్ని లాక్కుంటానంటే ఏ తల్లికి మండదు? “మా ఇంట్ల మనుషులుంటలేరా? కుందేలుకే వచ్చిందా రోగం?” అని గట్టిగానే అడిగింది.

త్రివేణికి పోట్లాట చేతకాదు. కుందేలును పొదివి పట్టుకుని మెల్లగా చెప్పింది. “దగ్గయితే అయితది ఆంటీ. నాకు గూడ ఎప్పటికీ దగ్గే. నేను సచ్చిపోలే గద.”

హసీనా తల దించుకుంది. సుమలతకు ముందు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. పాలు తాగే నాటి నుంచీ ఆ పిల్లను చాట పక్కనే పడుకోబెట్టింది. చల్లనీళ్లకు దగ్గు, మంచుకు దగ్గు అంటూ మందు సీసాలు మార్చింది గాని, పొగాకు డబ్బాను ఒక్క పూట గది బయట పెట్టాలని తోచలేదు. కుందేలు కోసం పరాయి మనిషి పడ్డపాటి భయం తన బిడ్డ కోసం తాను పడలేదు.

కుందేలును కూతురి చేతుల్లోంచి తీసి హసీనాకు ఇచ్చేసింది.

“దీన్ని ఎవ్వరికీ ఇయ్యకు ఆపా. మేం మళ్ల వస్తం.”

ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా పొగాకు డబ్బాను చంకనెత్తుకుంది. ఇంటి వెనక రేకుల కప్పు కింద ఉన్న కట్టెలు తీసి పక్కన పడేసి, ఆ చోటుకే ఆకు కట్టలు, చాటలు, కత్తెరలు అన్నీ మోసింది. ముందు గదిలో నీళ్లు కొట్టి కడగడం మొదలుపెట్టింది.

“కుందేలేది? వట్టి చేతులతోనొచ్చి ఇల్లు పీకి పందిరేస్తున్నవ్,” అంది హన్మవ్వ. “చలికాలం బయట కూసుంటే నా మోకాళ్లు పట్టుకపోతయి.”

“గొంగడి కప్పుకో అత్తమ్మా. పొగాకు మాత్రం ఇగ గడప లోపట ఉండది. పనైనంక చేతులు కడుక్కొని, చీర మార్చుకొనే లోపలికి రావాలె. నువ్వైనా, నేనైనా.”

“ఒక్క కుందేలు కోసం గింత మడి కట్టుడా?”

గోడ వారన చీపురు కింద గోధుమరంగు పొడి ఇంకా వస్తూనే ఉంది. సుమలత ఇంకో బకెట్ కుమ్మరించింది.

త్రివేణి గడప మీద కూర్చుని అంతా చూసింది. “ఇల్లు కడిగినవు గదమ్మా, కుందేలును రేపు తెద్దామా?”

“రేపు గాదు.”

“మరెప్పుడు?”

సుమలత చీపురు పక్కన పెట్టి వచ్చి, పిల్ల పక్కన కూలబడింది.

“రాత్రంత దగ్గకుండ తెల్లారేదాక పండుకుంటవు సూడు,” అంది. “గా పొద్దుగాల మొదటి బస్సుకే పోదం.”