రెక్కల మనిషి కథ చెప్పినవాడు

నేను ఒక సినిమా ప్రొజెక్టరుని. బొంబాయి కార్ఖానాలో తయారై, రైలెక్కి వచ్చి, పార్వతీపురంలోని ఒక పాత హాల్లో ముప్పయ్యొక్క ఏళ్లు తెరకు వెలుగిచ్చాను. జనం చప్పట్లు తెరకే కొట్టేవారు. ఫిల్మ్ తెగినప్పుడు మాత్రం వెనక్కి తిరిగి నన్ను తిట్టేవారు.

నన్ను నడిపినవాడు తవిటయ్య. కుర్రతనంలో స్టవ్ పేలి అతని ముఖం ఎడమవైపు కాలిపోయింది. పిల్లలు జడుసుకుంటారని వెనక మెట్లెక్కి నా గదిలోకి వచ్చేవాడు, హాలు ఖాళీ అయ్యాకే దిగేవాడు. పదకొండేళ్లలో ఆ ముఖం తెలిసింది నాకూ, యజమాని పట్నాయక్‌గారికీ, టిక్కెట్లు చించే పైడమ్మకీ.

ఒక వానాకాలం ఒక అనువాద చిత్రం వచ్చింది. కొండమీద నల్లటి బంగళా, వంకర గోపురాలు, ఆవులించే రాతిబొమ్మలు, అందులో గబ్బిలం రెక్కలతో పుట్టిన పొడుగాటి మనిషి. ఆ రెక్కలు కనబడకుండా మండుటెండలోనూ కోటు తొడుక్కుని, ఊరివాళ్ల గొడుగులు బాగుచేసేవాడు. భయపడదామని వచ్చిన జనం, "ఈ దెయ్యం ఎవర్నీ సంపదేటి?" అని విసుక్కున్నారు. నేను మాత్రం అంత అందమైన చీకటిని ఎన్నడూ తెరమీద వేయలేదు. తవిటయ్య గోడలోని కన్నానికి ముఖం ఆనించి ప్రతి ఆటా చూశాడు.

నాలుగో రోజు పట్నాయక్‌గారు గదిలోకి వచ్చారు.

"ఈ మ్యాట్నీతో తీసెయ్యి తవిటయ్యా. ఎవరూ చూడటం లేదు."

"మంచి బొమ్మండి బాబూ. ఇంకో రెండ్రోజులుంచండి."

ఆయన తల అడ్డంగా ఊపి దిగిపోయారు.

ఆ మ్యాట్నీలో, చివరి రీలు నడుస్తోంది. వడగళ్ల వానలో బడిపిల్లల మీద ఆ మనిషి రెక్కలు విప్పి కాపు కాశాడు. రెక్కలు చూసిన పెద్దలు రాళ్లెత్తారు. సరిగ్గా అప్పుడే నా పళ్లచక్రంలో ఫిల్మ్ ఇరుక్కుంది. తప్పు నాదే. నా దీపం వేడికి ఫిల్మ్ కాలి, తెర మీద బుడగలు లేచి అంతా తెల్లబడింది. తవిటయ్య లాగేలోపు మిగిలిన ముక్క చిరిగి పనికిరాకుండా పోయింది.

ఈలలు, కేకలు. తవిటయ్య నా దీపం ఆర్పి, నా ఒంటి మీద చెయ్యి వేశాడు. తర్వాత హాల్లోకి దిగి, హాలు దీపాల వెలుగులో తెర ముందు నిలుచున్నాడు. ఈలలు ఆగిపోయాయి.

"ఫిల్మ్ పాడైపోనాది. ఆఖరిది నాకు తెలుసు, సెప్తాను," అన్నాడు. "ఆడు దెబ్బలు తిని కొండెక్కీసినాడు. కోపం తెచ్చుకోనేదు. మరి దిగనేదు. అప్పుడు ఆడు కాపాడిన పిల్లల్లో ఓ పాప, ఆళ్లమ్మ పక్కన కూకుని పెద్ద సొక్కా కుట్టినాది. ఈపున రెండు సిల్లులెట్టినాది, రెక్కలు బయటికి రావడానికి. అది పట్టుకుని ఒక్కర్తే కొండెక్కినాది. ఆడు కోటు ఇప్పీసి ఆ సొక్కా తొడుక్కున్నాడు. అంతే."

ముందు బెంచీలోని ముసలావిడ కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగింది.

"సరిపోనాదా నాయనా, ఆ సొక్కా?"

"సేతులు కొంచెం పొట్టయినాయమ్మా."

హాలంతా నవ్వింది. తవిటయ్య కూడా నవ్వాడు.

విన్నవాళ్లు ఊరంతా చెప్పారు. పట్నాయక్‌గారు విశాఖపట్నం నుంచి కొత్త రీలు తెప్పించారు. బొమ్మ పందొమ్మిది రోజులు ఆడింది.

ఇప్పుడు నేను ఒక కాలేజీలో గాజుపెట్టెలో ఉన్నాను. పక్కన పలకమీద నా బరువు రాశారు. వందరోజుల బొమ్మలు ఎన్ని ఆడించినా, నా గర్వమంతా ఆ పందొమ్మిదో రోజే. ఆవేళ తవిటయ్య నన్ను నడపడం పైడమ్మకు నేర్పి, ఆమె చేతికి నన్ను అప్పగించి, అందరితో పాటు ముందు గేటులోంచి వచ్చి నడిమి వరసలో కూర్చున్నాడు. బొమ్మ మొదలైంది. వెనకనున్న ఆసామి ఎవరో అతని భుజం తట్టాడు.

"తల కాస్త వంచు బాబూ, అగుపడ్డం నేదు."

తవిటయ్య తల వంచాడు.