ఊదితే వచ్చిన అంకె

మా ఆయన నా కళ్లు కప్పి సిగరెట్లు తాగుతున్నాడని నాకు నాలుగో శనివారం ఖాయమైపోయింది. అనుమానం మొదలైంది మూడో శనివారమే అనుకోండి. ఒక్క వారం ఆగాను. ముప్ఫై ఏళ్ల కాపురానికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి కదా.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే ఎవరో మహా ఇల్లాలు మొగుణ్ణి కాపలా కాస్తోందనుకుంటారు. నేనూ తాగేదాన్నే. చొక్కాల ఫ్యాక్టరీలో తనిఖీ టేబులు దగ్గర నా పని. కుట్టు వంకరపోయినా, గుండీ వదులైనా, కాలరు మీద చీమ తలంత నూనె చుక్క పడినా పట్టేసి పక్కన పడేస్తాను. మధ్యాహ్నం విరామంలో వెనక మెట్ల మీద రెండు సిగరెట్లు, ఇంటికొచ్చాక ఆయనతో కలిసి ఇంకో రెండు. ఆయన డ్రైవింగు స్కూల్లో మాస్టారు. రోజంతా కొత్తవాళ్ల పక్కన కూర్చుని బ్రేకు ఎప్పుడు తొక్కాలో చెబుతాడు. తన సిగరెట్ల విషయంలో మాత్రం ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ తొక్కిన పాపాన పోలేదు.

మానేయమని డాక్టరు చెప్పాడు, పక్కింటావిడ చెప్పింది, సిగరెట్టు పెట్టె మీది బొమ్మ కూడా చెప్పింది. ఎవరి మాటా చెవికెక్కలేదు. చివరికి మా అమ్మాయి చెప్పింది. దాని పాపకి అయిదో నెల. ఇంకో నెలన్నర దాటాక, ఒకటో తారీఖున అది తిరిగి ఉద్యోగంలో చేరాలి. నాకేమో దానికి ముందు నెలాఖరుకే ఫ్యాక్టరీలో రిటైర్మెంటు. పగలంతా పాపని మా ఇంట్లో వదలమని, ఇక నా రోజులన్నీ ఆ పిల్లతోనే గడుస్తాయని గంపెడాశ పెట్టుకుని అడిగాను. అది కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. క్లినిక్కులో ఆరు వారాల కోర్సు ఉందట. ఇద్దరూ పాసైన కాగితం చూపిస్తేనే పాపని తెస్తుందట, ఒక్కరు తప్పినా తేదట. మొండితనం నా దగ్గరి నుంచే వెళ్లింది కాబట్టి సరేనన్నాను.

కోర్సంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రోజుకో నికొటిన్ ప్యాచ్ ఒంటికి అంటించుకోవాలి. మరీ ప్రాణం లాగేస్తే గమ్ నమలాలి. అది మిరియం కొరికినట్టు నాలుకని చురుక్కుమనిపిస్తుంది. శనివారం శనివారం పొద్దున్న క్లినిక్కుకి వెళ్లి నర్సమ్మ ముందు కూర్చుని ఒక చిన్న మిషన్లోకి ఊదాలి. ప్యాచ్‌లోని మందు ఆ మిషనుకి కనబడదు, పొగలో ఉండే విషవాయువు మాత్రమే కనబడుతుందని నర్సమ్మ మొదటి రోజే చెప్పింది. అంకె ఆరు లోపుంటే తాగనట్టు, పది దాటితే తాగినట్టు.

ప్యాచ్‌లు ఒకరి వీపు మీద ఒకరం అంటించుకునేవాళ్లం. జబ్బకి అంటిస్తే ఆయనకి స్టీరింగు తిప్పేటప్పుడు, నాకు చొక్కాలు తిరగేసేటప్పుడు బట్టలకి రాసుకుని ఊడిపోయేది. వీపు మీద మనకి మన చెయ్యి అందదు. అందుకని పొద్దున్నే ఆయన వెనక్కి తిరిగేవాడు, నేను అంటించేదాన్ని. తర్వాత నేను తిరిగేదాన్ని. ఆయన నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కి, “బండి రెడీ” అనేవాడు. సిగ్గెందుకు, ఆ కాసేపటి కోసమే నేను త్వరగా లేచేదాన్ని.

మానేసిన రోజున ఇంట్లో ఉన్న పెట్టెలూ లైటర్లూ అన్నీ పారేశాను. ఆయన పొద్దున్నే స్నానాల గదిలో అడ్డరేకుల కిటికీ దగ్గర నిలబడి మొదటి సిగరెట్టు తాగేవాడు. ఆ కిటికీని చూస్తే పాత రోజులు గుర్తొస్తాయని, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన చొక్కాల పెట్టె అట్ట కోసి దానికి పెట్టి, నాలుగు వైపులా వెడల్పాటి టేపు వేశాను. ఆయన గుమ్మంలో నిలబడి, పాపం కిటికీ ఏం చేసిందే అని నవ్వాడు. పాపాలన్నీ అక్కడే జరిగాయి కాబట్టి శిక్ష కూడా అక్కడే అన్నాను.

మొదటి రెండు శనివారాలూ ఇద్దరం పాస్. పొద్దున్న స్నానం వేళకే ప్రాణం సిగరెట్టు మీదకి లాగుతోందని ఆయన చెబితే, వేడి నీళ్ల కింద కాస్త ఎక్కువసేపు నిలబడమని నర్సమ్మ సలహా ఇచ్చింది. చలి కూడా అప్పుడే ముదిరింది. అప్పటి నుంచి ఆయన స్నానం అరగంట. తలుపు గడియ, లోపల నీళ్ల చప్పుడు. బయటికొచ్చేసరికి మొహం ఎర్రగా, కళ్లు బరువుగా, కుర్చీలో కూలబడి తల పట్టుకునేవాడు. మూడో శనివారం ఆయన అంకె తొమ్మిది, నాది మూడు. నాలుగో శనివారం పదమూడు, నాది మళ్లీ మూడే.

నర్సమ్మ కోప్పడలేదు. మెత్తగా, “ఒక్కటేనా బాబూ?” అని అడిగింది. ఒక్కటి కూడా లేదన్నాడు. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అడిగేశాను.

“నిజం చెప్పండి. స్నానాల గదిలో ఎన్ని తాగుతున్నారు?”

“తాగట్లేదే.”

“మరి ఆ పదమూడు ఎక్కణ్ణుంచి ఊడిపడింది? నిప్పు లేనిదే పొగ రాదు.”

“నాకూ అర్థం కావట్లేదు. తాగలేదని మాత్రం తెలుసు.”

ఆ మాట ఆయన ఎంత నెమ్మదిగా అన్నాడంటే నా అనుమానం రెట్టింపయింది. అరిచి గీపెట్టి ఉంటే నమ్మేదాన్నేమో. ఫ్యాక్టరీలో కూడా అంతే, తప్పు కుట్టిన మనిషే ఎక్కువ నెమ్మదిగా మాట్లాడుతుంది.

ఇక కళ్లలో వత్తులు వేసుకున్నాను. ఆయన విప్పిన చొక్కాల కాలర్లు, కఫ్‌లు, జేబు అడుగులు వాసన చూశాను. ముప్ఫై ఏళ్లు చొక్కాలు చూసిన ముక్కు ఇది. చెమట, సబ్బు, కారు సీటు వాసన తప్ప ఏమీ లేదు. స్కూలు కారు కడగడానికి సాయం చేస్తానని వెళ్లి సీట్ల కింద చేతులు పెట్టి వెతికాను. ఎవరో పోగొట్టుకున్న జడపిన్ను దొరికింది, దాని గురించి వేరే అనుమానం కూడా ఒక పూట పడ్డాను. ఎక్కడా ఏమీ దొరకకపోయేసరికి, అబ్బో ఎంత తెలివిగా దాస్తున్నాడో అనుకున్నాను. అనుమానం పెనుభూతమంటారు. అది పట్టినవాళ్లకి భూతంలా కనబడదు, బుర్ర బాగా పనిచేస్తున్నట్టు ఉంటుంది.

ఆయన వీపు మీద ప్యాచ్ అంటించడం మానేశాను. పొద్దున్నే టేబులు మీద పెట్టి నా పనిలో పడిపోయేదాన్ని. ఆయన ఒక్క నిమిషం దాన్ని చూసి, తనే జబ్బకి అంటించుకునేవాడు. నా వీపుకి మాత్రం మామూలుగానే అంటించాడు. “బండి రెడీ” అనలేదు.

బుధవారం అమ్మాయి ఫోన్ చేసింది. పాప బోర్లా పడిందట. ఆ సంతోషం మధ్యలో నోరు జారాను. జారడమేమిటి, కావాలనే అన్నాను. “మీ నాన్న దొంగతనంగా తాగుతున్నారే. నేను మాత్రం ముట్టలేదు.” ఆఫీసు దగ్గర పిల్లల్ని చూసుకునే చోటు ఒకటుంది, అడిగొస్తానులే అమ్మా అంది. ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపంతోనే ఏడ్చాను. నా చేతిలోకి రావలసిన పిల్లని ఈ మనిషి ఒక సిగరెట్టు కోసం పోగొట్టాడని.

సాక్ష్యం దొరికితే శనివారం నర్సమ్మ ముందే బయటపెడదామనుకున్నాను. నాది ఎప్పుడూ సాయంత్రం పూట కాకిస్నానం, చెంబెడు నీళ్లతో సరి. గురువారం నుంచి పొద్దున్నే, ఆయన బయటికి రాగానే నేను లోపలికి వెళ్లి గడియ పెట్టడం మొదలెట్టాను. వెతుకులాట ఆయనకి వినబడకుండా వేడి నీళ్ల కుళాయి పూర్తిగా తిప్పేదాన్ని. గోడ మీది గ్యాసు గీజరు బుస్సుమని వెలిగేది. స్టూలెక్కి గీజరు పైన, వెనకాల, సబ్బుల అరలో, మురుగు కాలువ మూత కింద వెతికాను. పగిలిన పలకలు తట్టి చూశాను. కిటికీ టేపు ఎక్కడైనా లేచిందేమోనని గోటితో గీకాను, ఎక్కడా లేవలేదు. మూడు రోజులు, రోజుకి అరగంట. దొరికింది తలనొప్పి ఒక్కటే. శనివారం పొద్దున్నయితే స్టూలు దిగుతుంటే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. ఈయన నన్ను ఇలా చంపుకుతింటున్నాడని తిట్టుకున్నాను.

క్లినిక్కులో ముందు ఆయన ఊదాడు. పదహారు. నేను గోడ మీది గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత నా వంతు. గుండెల నిండా గాలి పీల్చి దర్జాగా ఊదాను. నర్సమ్మ మిషను చూసి, నన్ను చూసి, అదే మెత్తటి గొంతుతో అడిగింది.

“ఒక్కటేనా అమ్మా?”

పద్నాలుగు వచ్చింది. మళ్లీ ఊదాను. మళ్లీ పద్నాలుగే. మిషను పాడైందన్నాను. ఆవిడ తనే ఊదుకుని చూపించింది, రెండు. నేను ముట్టుకోలేదు, నా మనవరాలి మీద ఒట్టు, నెల రోజుల నుంచి వాసన కూడా చూడలేదు అంటున్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది. నర్సమ్మ తలూపింది, రెండు వారాలుగా నేను ఆయన ముందు ఊపుతున్నట్టే. ఇక ఆయన మొహం చూడాలంటే భయమేసింది. ఆయన స్థానంలో నేనుంటే ఆ క్షణాన్ని వదిలేదాన్ని కాదు.

“ఆవిడ తాగలేదండీ,” అన్నాడాయన.

“మిషన్లో వస్తోంది కదా బాబూ.”

“వస్తే రానివ్వండి. తాగలేదని ఆవిడ అంటోంది కదా. ఈ విషవాయువు సిగరెట్టు పొగలోనే కాకుండా ఇంకెక్కడి నుంచైనా వస్తుందా?”

నర్సమ్మ కాగితం పక్కన పెట్టింది. ఇంట్లో తలుపులు మూసి బొగ్గులు, కిరసనాయిలు ఏమైనా మండిస్తారా అని అడిగింది. లేదన్నాం. తలనొప్పులున్నాయా అంది. ఇద్దరికీ ఉన్నాయన్నాం. స్నానానికి నీళ్లెలా కాచుకుంటారంది. గదిలోనే గ్యాసు గీజరు ఉందన్నాడాయన.

“గాలికి కిటికీ ఉందా?”

ఆయన నా వైపు చూడలేదు. నేల వైపు చూశాడు. ఆయన చెప్పడని తెలిసిపోయింది, అందుకని నేనే చెప్పాను. “ఉండేది. నేను మూసేశాను. అట్ట పెట్టి టేపు వేశాను.” నిప్పు లేనిదే పొగ రాదని అన్నదాన్ని నేనే. నిప్పు రోజూ మా నెత్తి మీదే మండింది.

నర్సమ్మ లేచి వెళ్లి డాక్టరుని పిలుచుకొచ్చింది. ఇద్దరికీ రక్తం తీశారు, ఆక్సిజన్ గొట్టం పెట్టి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. మూసిన గదిలో గీజరు మండితే వచ్చేదీ అదే విషవాయువని, మెకానిక్కు వచ్చి చూసేదాకా గీజరు వెలిగించొద్దని, కిటికీ వెంటనే తెరవమని, తలుపు కింద సందు లేకపోతే ఒక పొద్దున ఆయన బయటికొచ్చేవాడే కాదని డాక్టరు చెప్పాడు. ఇంట్లో ఇంకెవరున్నారని అడిగాడు. ఎవరూ లేరన్నాను. పసిపిల్లలు వస్తూపోతూ ఉంటారా అన్నాడు. వచ్చే నెల నుంచి రోజూ వస్తుంది, నేనే స్నానం చేయించాలనుకున్నాను అన్నాను. ఆ గదిలో వేడి నీళ్లు తిప్పి, గడియ పెట్టుకుని, అయిదు నెలల పిల్లని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకున్న నన్ను నేను చూసుకున్నాను.

ఇంటికొచ్చి టేపు పీకుతుంటే గోళ్లు విరిగాయి. చల్లగాలి మొహానికి కొట్టింది. ఆయన గ్యాసు కట్టేసి వెనక నిలబడ్డాడు.

“నన్ను ఎలా నమ్మారు?” అన్నాను.

“నమ్మడమేంటి? తాగలేదన్నావు కదా.”

ఆయన దెప్పడానికి అనలేదు. నిజంగానే ఆయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. ఆయనా అదే మాట చెప్పాడు, అంతే నెమ్మదిగా, చెప్పుల దగ్గర నిలబడి.

ఇంకో పని మిగిలింది. చాటుగా చేయొచ్చు, కానీ చాటుమాటు వ్యవహారాలు అప్పటికే ఎక్కువైపోయాయి. ఆయన ముందే అమ్మాయికి ఫోన్ చేశాను. గీజరు సంగతంతా చెప్పి, “మొన్న మీ నాన్న గురించి నేను చెప్పింది అబద్ధమే. ఆయన ఒక్కటి కూడా తాగలేదు,” అన్నాను. అది ఏడ్చింది, తిట్టింది, మళ్లీ ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేసేసరికి ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

“దానిక్కూడా చెప్పావా?”

“చెప్పాను.”

ఆయన లేచి చొక్కా వేసుకుని పాఠం చెప్పడానికి వెళ్లిపోయాడు.

తర్వాతి శనివారం ఆయనకి రెండు, నాకు మూడు. నర్సమ్మ కాగితాలు ఇచ్చింది. గీజరు ఊడదీయించి బయటి వరండాలో పెట్టించాం. ఒకటో తారీఖున అమ్మాయి పాపని తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఇల్లంతా గది గదికీ తిరిగి కిటికీలు చూసి మరీ వెళ్లింది. తాతయ్య వేలు పట్టుకుని ఆ పిల్ల ఒక పట్టాన వదల్లేదు.

కోర్సు అయిపోయినా చిన్న ప్యాచ్‌లు ఇంకో నెల వాడమన్నారు. మర్నాడు పొద్దున్నే పెట్టె తెరిచి, ఆయన ప్యాచ్ కాగితం ఒలిచి పట్టుకుని, తిరగండి అన్నాను. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. జబ్బ మీద అప్పటికే అంటించి ఉంది, ఒక మూల లేచిపోయి.

“అలవాటైపోయిందిలే,” అన్నాడు. “నువ్వు తిరుగు.”

నా వీపు మీద ప్యాచ్ పెట్టి, ఎప్పటిలాగే నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కాడు. నేను ఒలిచిన ప్యాచ్ నా వేళ్లకి అంటుకుపోయింది.